లేసు సూది

మా అమ్మ లేసు అల్లేది.
నరసాపురం పక్క పల్లెలో, అరుగు మీద,
కరెంటు లేని మధ్యాహ్నాల్లో.
డజనుకింతని ఏజెంటు లెక్కపెట్టి ఇచ్చే డబ్బుల్లోంచే
నా నర్సింగు ఫీజు.
ఇప్పుడు భీమవరంలో
పిల్లల ఆపరేషన్ థియేటర్లో నిలబడి
దారాలు అందిస్తాను.

ఇవాళ బల్ల మీద మోక్షిత్.
రెండేళ్ళ నాలుగు నెలలు. పదకొండు కిలోలు.
ఏడిస్తే చాలు, ఎడమ గజ్జలో
కోడిగుడ్డంత ఉబ్బు.
వాళ్ళ నాన్న కొల్లాటి ఏడుకొండలు,
మొగల్తూరు అవతల రొయ్యల చెరువు కాపలా.
రాత్రి నన్ను పక్కకి పిలిచి అడిగాడు:
"మేం బరువేం మోయించలేదండి, ఎందుకొచ్చింది?"

ఎవరూ మోయించలేదయ్యా.
పుట్టకముందు మగబిడ్డకి
కడుపులోంచి కిందికో పిల్లకాలువ ఉంటుంది.
దాని పనయ్యాక పూడుకుపోవాలి.
మీవాడిది పూడటం మర్చిపోయింది, అంతే.

మా దగ్గర ఇద్దరు డాక్టర్లు.
పెద్దాయన త్ర్యంబకరావు గారు
మూడు చిల్లులు పెడతారు.
బొడ్డులో కెమెరా, రెండు పక్కలా
మూడేసి మిల్లీమీటర్ల ఇనుప వేళ్ళు.
లోపలే సూది తిప్పి
చేతిసంచి మూతికి తాడు గుచ్చినట్టు
ఆ రంధ్రం చుట్టూ కుట్టి, లాగుతారు.
మూతి ముడుచుకుంటుంది.
ముడి కూడా లోపలే. ఒకటి, రెండు, మూడు.
నేను గడియారం చూడను.
చూస్తే ఆయనకి తెలిసిపోతుంది.

నఫీసా మేడం దారి వేరు.
బొడ్డులో కెమెరా ఒక్కటే.
గజ్జ మీద చీమ కుట్టినంత చోట
సూది బయటినుంచే దిగి
పొర కింద పాకుతూ సగం చుట్టి
దారం అక్కడ వదిలేసి వెనక్కొస్తుంది.
మళ్ళీ అదే చీమగాటులోంచి అటువైపుగా వెళ్ళి
వదిలిన దారాన్ని కొక్కెంతో లాక్కొచ్చేస్తుంది.
మొదటిసారి చూసినప్పుడు నా నోట్లోంచి
"అమ్మా" అని వచ్చింది.
"నొప్పా సిస్టర్?" అన్నారావిడ.
కాదు మేడం, లేసు.

అడుగున రెండున్నాయి, జాగ్రత్త.
రేపెప్పుడో వీడు తండ్రి కావడానికి కావలసిన నాళం,
తడిసిన దారప్పోగంత.
దాని పక్కనే నెత్తురు గొట్టాలు.
అవి కుట్టులో పడకూడదు.
మేడం అక్కడ ఉప్పునీరు ఎక్కిస్తారు,
పొర పైకి లేస్తుంది, సూది నీటి మీదుగా దాటుతుంది.
త్ర్యంబకరావు గారు నీటిని నమ్మరు.
అక్కడ పైపైన కుట్టి, కాస్త ఖాళీ వదిలేస్తారు.
ఆ ఖాళీయే మళ్ళీ నోరు తెరుస్తుందని ఈవిడ.
చర్మం కింద ముడి చీము పడుతుందని ఆయన.
భోజనాల దగ్గర ఆవకాయ సీసా అటూ ఇటూ జరుపుతూ
ఇదే గొడవ.

నా దగ్గరో లాంగ్ నోటుబుక్కుంది.
ఎవరు తిరిగొచ్చారో రాస్తాను, ఎవరి పద్ధతో కూడా.
రానివాళ్ళు బాగుండి రాలేదా,
బస్సు చార్జీల్లేక రాలేదా,
ఆ గడి ఖాళీగా ఉంచాను.

ఇవాళ మేడం వంతు.
ఎడమ పక్క, అనుకున్నదే,
నల్లగా తెరిచిన చిన్న నోరు.
కెమెరా కుడికి తిరిగింది.
అక్కడా ఒకటి. ఇంకా చిన్నది.
ఇంతవరకూ ఏ ఏడుపుకీ పలకనిది.
పాతకాలపు కోతైతే మాకు కనబడేదే కాదు.
తెరిచున్నవన్నీ పొంగవు. అది మేడంకీ తెలుసు.
సంతకం రెండు పక్కలకీ ముందే తీసుకున్నాం,
అయినా సూది ఆగింది.
గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డ త్ర్యంబకరావు గారు
"మొగల్తూరు అవతలనుంచి
మళ్ళీ రాగలడా ఆ మనిషి?" అన్నారు.
రెండో దారం అందించాను.

సాయంత్రం ఏడుకొండలు కోత ఎక్కడని అడిగాడు.
వెతికి చూపించాను.
"ఇంతేనా?" అన్నాడు,
తూకంలో మోసపోయినవాడిలా.
అంతలో మత్తు పూర్తిగా వదిలి
మోక్షిత్ గుక్కపెట్టి ఏడ్చాడు.
వాణ్ణి ఊరుకోబెట్టకుండా
ముగ్గురం వాడి గజ్జల్లోకి చూస్తూ నిలబడ్డాం.